డిశ్చార్జి కాగితంలో లేని వైద్యం: అనంతపురం జిల్లా అధికారులకు ఒక ఫిజియోథెరపిస్టు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారం.

పక్షవాతం వచ్చి, ప్రాణం దక్కి, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన మనిషికి ఆ తర్వాతి మూడు నెలల్లో మన జిల్లాలో ఏ వైద్యం అందుతోంది? మాత్రలు తప్ప ఏమీ అందడం లేదన్నది నా ఫిర్యాదు. నేను అనంతపురంలో పనిచేసే ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది కుందుర్పి, బొమ్మనహాళ్, వజ్రకరూరు లాంటి మండలాల వాళ్లు. వచ్చేసరికే నెలలు గడిచిపోయి ఉంటాయి. వాళ్ల సంచిలో స్కానింగ్ ఫిల్ములు, రక్తం పలచబరిచే మాత్రలు, బీపీ మాత్రలు, డిశ్చార్జి కాగితం ఉంటాయి. ఆ కాగితం అడుగున ‘ఫిజియోథెరపీ చేయించుకోవాలి’ అని ఒక్క ముక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఎక్కడ, ఎవరితో, ఎన్నాళ్లు చేయించుకోవాలో మాత్రం ఎవరి కాగితంలోనూ నేను చూడలేదు.

మొదటి గంటల గురించి మీ శాఖ చెప్పవలసింది చెబుతూనే ఉంది. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయాలి. నాలుగున్నర గంటల్లోపు చేరితే, స్కానింగులో తగినవారని తేలితే, గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వవచ్చు. దాని మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను అడిగేదంతా ఆ తర్వాతి సంగతి.

రక్తం అందక చచ్చిపోయిన మెదడు భాగం మళ్లీ పుట్టదు. ఇది నిజమే. ‘నరం చచ్చిపోయింది, ఇంకేం వస్తుంది’ అనే మాట ఈ నిజాన్ని పట్టుకొనే పుట్టింది. ఊళ్లో పెద్దలు అంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. కానీ చచ్చిన భాగం చుట్టూ దెబ్బతిని మూగబోయిన భాగం ఒకటి ఉంటుంది. వాపు తగ్గి, రక్తప్రసరణ కుదుటపడేకొద్దీ అందులో కొంత తేరుకుంటుంది. దెబ్బ తగిలిన చోటికి దూరంగా ఉండి కూడా, దానితో సంబంధం తెగిపోవడం వల్ల పని మానేసిన భాగాలు కొన్ని ఉంటాయి. అవీ మెల్లగా పనిలోకి వస్తాయి. కాన్‌స్టాంటిన్ ఫాన్ మొనాకోవ్ అనే నరాల వైద్యుడు ఈ సంగతిని 1914లోనే వివరించాడు. ఇదంతా చాలావరకు మొదటి వారాల్లో దానంతటదే జరిగిపోయే మేలు.

చిత్తూరు వైపు, కర్ణాటక సరిహద్దు వైపు పసరు మందు పోసే పల్లెలకు మనవాళ్లు జీపులు మాట్లాడుకొని వెళ్లేది సరిగ్గా ఈ వారాల్లోనే. మందు తాగిన పది రోజులకు కాలు కదులుతుంది. చాలామందిలో తాగకపోయినా కదిలేదే. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. దాంతోపాటు పెట్టే పథ్యంలో మనిషి చిక్కిపోతాడు, కొన్నిచోట్ల ఇంగ్లీషు మాత్రలు మానేయమని కూడా చెబుతారు. బీపీ మాత్ర మానేసి రెండోసారి పక్షవాతం తెచ్చుకున్నవారిని నేను చూశాను. అయినా అక్కడికి వెళ్లేవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. డిశ్చార్జి అయిన మర్నాడు నుంచి వాళ్లకు దారి చూపించేది ఆ పల్లె ఒక్కటే కదా.

దానంతటదే వచ్చే మేలు కొంతదూరం వచ్చి ఆగుతుంది. ఆ పైన రావలసింది వాడకం వల్ల రావాలి. బతికి ఉన్న కణాలు కొత్త కొమ్మలు వేస్తాయి. ఎప్పటి నుంచో ఉన్నా పని లేక నిద్రపోతున్న దారులు మేలుకుంటాయి. పక్కనున్న ప్రాంతం, ఒక్కోసారి మెదడు రెండో సగం కూడా, పోయిన భాగం చేసే పనిని కొంత నెత్తికెత్తుకుంటాయి. అయితే ఏ దారి నిలబడాలో, ఏది మూసుకుపోవాలో తేల్చేది మనిషి ఆ చేతితో, ఆ కాలితో ఏం చేస్తున్నాడన్నదే.

అమెరికాలో రాండాల్ఫ్ నూడో బృందం 1996లో ప్రకటించిన ప్రయోగాలు ఈ విషయాన్ని బాగా చూపించాయి. స్క్విరల్ మంకీ అనే చిన్న కోతుల మెదడులో చేతిని కదిలించే ప్రాంతంలో కొద్దిభాగాన్ని దెబ్బతీశారు. వాటి మానాన వదిలేసిన కోతుల్లో దెబ్బ తగలని చేతి ప్రాంతం కూడా తర్వాత కుంచించుకుపోయింది. మరికొన్ని కోతులతో చిన్న చిన్న గుంటల్లోంచి మేత గుళికలను వేళ్లతో పదేపదే తీయించారు. వాటిలో మిగిలిన చేతి ప్రాంతం నిలబడింది, కొన్నిట్లో మోచేతిది, భుజానిది అనుకున్న చోటికీ పాకింది. మన జిల్లా రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చేను బీడుపెట్టి ఊరు విడిచిపోతే పక్కవాడు ఏటా ఒక చాలు గట్టు జరుపుకుంటాడు.

అంతకంటే ముందు ఎడ్వర్డ్ టౌబ్ అనే పరిశోధకుడు గమనించింది ఇంకా ముఖ్యం. ఒక చేతికి స్పర్శ తెలిపే నరాలను కత్తిరిస్తే కోతి ఆ చేతిని వాడడం పూర్తిగా మానేస్తుంది. కదిలించే నరాలు చెడలేదు, అయినా వాడదు. బాగున్న చేతిని కట్టేస్తే మాత్రం మానేసిన చేతినే మళ్లీ వాడుతుంది. మొదట్లో ప్రయత్నించి విఫలమై, ఆ చెయ్యి పనికిరాదని అది నేర్చుకుందని టౌబ్ తేల్చాడు. పక్షవాతం వచ్చిన మనిషి కూడా ఇదే నేర్చుకుంటాడు. మెదడు కొంత కోలుకున్నాక కూడా ఆ నేర్చుకున్నది అలాగే ఉండిపోతుంది.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒకాయన అయిదు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు పెరిగి, అరచేతిలో చెమట నిలిచి చర్మం నానిపోయింది. కుడి చెయ్యి చాపమంటే, ఎడమ చేత్తో దాన్ని పట్టుకొని ఎత్తి బల్ల మీద పెట్టాడు. తను ఏం చేశాడో ఆయనకే తెలియదు. ఎడమ చేతిని తొడ కింద పెట్టుకోమని చెప్పి, కుడి చేతికి జానెడు దూరంలో ఒక దారపు రీలు పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. మొదట భుజం పైకి లేచింది, ఒళ్లంతా ముందుకు వంగింది, మోచెయ్యి బల్ల మీద కొద్దిగా జారింది. ఆ తర్వాత బొటనవేలు, వెంట్రుకవాసి అనుకోండి, పక్కకు తెరుచుకుంది. పక్కనే నిలబడ్డ భార్య ‘ఇది ఎప్పటి నుంచి వస్తోంది?’ అని ఆయన్నే అడిగింది. ఎప్పటి నుంచి వస్తోందో చెప్పగలిగిన వాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. ఎందుకంటే అయిదు నెలలుగా ఆ చేతిని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంట్లోవాళ్ల తప్పా అంటే, వాళ్లది ప్రేమ. కోడలు అన్నం కలిపి నోట్లో పెడుతుంది, కొడుకు ఎత్తి కూర్చోబెడతాడు. కుడి చెయ్యి పడిపోయిన మనిషి ఎడమ చేత్తో సంగటి తినడానికి సిగ్గుపడతాడు, నలుగురిలో అసలే తినడు. ఆడవాళ్లదైతే ఇంకో తీరు. ‘అత్తమ్మా, నువ్వు వంటింట్లోకి రావద్దు’ అని గౌరవంగా మంచం మీద కూర్చోబెడతారు. జొన్నరొట్టె తట్టే పనిని ఒకసారి మా కళ్లతో చూడండి. మణికట్టు వెనక్కి వంచి, వేళ్లు చాచి, అరచెయ్యి మొత్తం తెరిచి, రెండు చేతులూ ఒక లయలో కదలాలి. పక్షవాతం తీసుకుపోయేది అచ్చంగా ఈ కదలికనే. రాని చేతిని వచ్చిన చేతి కింద పెట్టి అయినా సరే, పొయ్యి వెలిగించకుండా, ఉత్త పిండితో రోజూ తట్టించవచ్చు. వేరుశనగ కాయలు వలవడం బొటనవేలికీ చూపుడువేలికీ సాధన. ముప్పై ఏళ్లు చేసిన పని కాబట్టి మెదడులో దాని జాడలు బలంగా ఉంటాయి, మనసూ లగ్నమవుతుంది. మందుల షాపులో కొన్న రబ్బరు బంతిని రోజంతా నొక్కడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. అసలు ఆ బంతి గొడవ ఎవరు మొదలుపెట్టారో గానీ, ముడుచుకుపోతున్న వేళ్లకు ఇంకా ముడుచుకోవడమే నేర్పుతోంది. రానిది నొక్కడం కాదు, తెరవడం.

మరో అలవాటు ‘కరెంటు పెట్టించుకోవడం’. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది అడిగేది అదే. కరెంటు పెట్టినప్పుడు చెయ్యి ఎగురుతుంది కాబట్టి వైద్యం జరిగినట్టు తృప్తి. యంత్రం సాధనకు తోడుగా కొందరికి ఉపయోగపడుతుంది, కాదనను. రోగి కళ్లు మూసుకొని పడుకుంటే, యంత్రం ఒక్కటే పనిచేస్తే, మెదడు నేర్చుకునేది తక్కువ. ఇందులో మా వృత్తివాళ్ల పాపం కూడా ఉంది. తీగలు తగిలించి పక్క రోగి దగ్గరికి వెళ్లిపోవడం మాకు సులువు.

ఇక మోతాదు. కేథరిన్ లాంగ్ బృందం 2009లో ప్రకటించిన పరిశీలన మమ్మల్ని సిగ్గుపడేట్టు చేసింది. అమెరికా, కెనడాల్లోని పునరావాస చికిత్స కేంద్రాల్లో కూర్చొని లెక్కపెడితే, ఒక్కో చికిత్సలో రోగి చేతితో చేసిన అర్థవంతమైన పనులు సగటున 32 మాత్రమే. జంతువుల్లో మెదడు మారిందని చూపిన ప్రయోగాల్లో ఈ సంఖ్య వందల్లో ఉంటుంది. అన్ని సౌకర్యాలున్న చోటే 32 అయితే, నెలకోసారి బస్సెక్కి అనంతపురం వచ్చి, పావుగంట చూపించుకొని సాయంత్రం బస్సుకు తిరిగిపోయే మన రోగి సంగతి చెప్పేదేముంది? రాయదుర్గం నుంచి ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం, చాలా మంచిది. రోగి మగవాడైతే వెంట వచ్చే భార్యకు టికెట్టు లేదు, పడిపోయిన ఆయనకు ఉంది. అయినా టికెట్టు డబ్బులది చిన్న సమస్య. బస్సు మెట్టు ఎత్తే పెద్ద సమస్య.

కాలం మాట చెప్పాలి. 2021లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 72 మందిని నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు మామూలు చికిత్సకు తోడు 20 గంటల చేతి సాధన అదనంగా ఇచ్చారు. ఒక గుంపుకు మొదటి నెలలో, ఒక గుంపుకు రెండో నెల దాటాక మూడో నెలలో, ఇంకో గుంపుకు ఆరు నెలలు గడిచాక. ఏడాది తర్వాత చూస్తే రెండు మూడు నెలల మధ్య పొందినవారికి అందరికంటే ఎక్కువ మేలు కనిపించింది. మొదటి నెలలో పొందినవారికీ మేలు జరిగింది, అంతకంటే కొంత తక్కువ. ఆరు నెలల తర్వాత అవే 20 గంటలు పొందినవారికి, అదనంగా ఏమీ పొందనివారికి చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న పరిశోధనే, కానీ మేం రోజూ చూస్తున్నదానితో సరిపోతోంది.

అలాగని మొదటి రోజే మంచం దింపి నడిపించమని కాదు. అవర్ట్ అనే పెద్ద పరిశోధన 2,104 మంది మీద జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే ఎక్కువగా లేపి, నిలబెట్టి, నడిపించిన గుంపు మామూలు చికిత్స గుంపుకంటే కొంత వెనకబడింది. తొందరా పనికిరాదు, నిర్లక్ష్యమూ పనికిరాదు. ఎప్పుడు ఎంత చేయించాలో తెలిసిన మనిషి కావాలన్నదే దాని అర్థం.

ఆలస్యమైనవారికి అన్నీ మూసుకుపోయినట్టు కూడా కాదు. టౌబ్ కోతుల దగ్గర నేర్చుకున్నదాన్నే మనుషులకు మలిచి, బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, పడిన చేతితోనే పనులు చేయించే పద్ధతిని 222 మందిలో పరీక్షించారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లంతా పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారు. రెండు వారాల చికిత్సతో వచ్చిన మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచింది. మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా తెరవగలిగినవారికే ఇది వర్తిస్తుంది. అందుకే పిడికిలి బిగుసుకుపోకముందే చూడాలని నా పోరు.

ఇక్కడ మీ శాఖలో ఎవరికైనా తట్టే మాట ఒకటుంది: ‘ఇంట్లోవాళ్లకు నాలుగు వ్యాయామాలు నేర్పి పంపితే పోలా, ఆశా కార్యకర్త చూసుకుంటుంది.’ ఖర్చు లేని ఈ ఉపాయాన్ని మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. అటెండ్ అనే ఆ పరిశోధన 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద జరిగింది, ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కుటుంబంలో ఒకరికి శిక్షణ ఇచ్చి ఇంట్లోనే చేయించిన గుంపుకూ, మామూలు చికిత్స గుంపుకూ ఆరు నెలల తర్వాత మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడడంలో గానీ తేడా లేదు. కుటుంబం అక్కరలేదని నేను దీన్ని అర్థం చేసుకోను. రొట్టె తట్టించేది వాళ్లే, కాయలు ముందు పోసేది వాళ్లే. కానీ ఈ వారం చేసింది వచ్చే వారం మార్చాలి, బరువు పెంచాలి, భుజం జారుతోందా అని చూడాలి, రోగి దిగులులో పడితే గుర్తుపట్టాలి. ఒకసారి నేర్పి వదిలేస్తే జరిగే పని కాదిది. మంచం మీంచి లేపేటప్పుడు పడిన చేతిని పట్టి లాగి భుజం కీలు జారేట్టు చేసేది ఎక్కువగా ఇంటివాళ్లే. ఆ నొప్పి మొదలయ్యాక రోగి ఎవరినీ చెయ్యి ముట్టనివ్వడు.

పింఛను సంగతి ఎత్తకుండా ఈ లేఖ పూర్తికాదు. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఏడాదికి 1,80,000. ఎన్నో ఇళ్లు దాని మీదే నిలబడ్డాయి, ఒక్క రూపాయి కూడా తగ్గించమని నేను అడగను. కానీ మనిషి మంచం దిగే అవకాశం ఉన్న నెలల్లో అతని మీద ప్రభుత్వం ఏం ఖర్చుపెడుతోంది? పై పరిశోధనలో మేలు చేసిన 20 గంటలు ఒక ఫిజియోథెరపిస్టుకు మూడు రోజుల పని కూడా కాదు. ఇంకో చిక్కు ఉంది. ‘నడిస్తే పింఛను పోతుందా సార్?’ అని నన్ను గొంతు తగ్గించి అడిగినవారున్నారు. 15,000 అందుకునే మనిషి లేచి నాలుగడుగులు వేస్తే దివ్యాంగుల పింఛను 6,000కు దిగిపోతానేమోనని భయపడతాడు. చికిత్సలో ఉన్నవారి పింఛనును కొంతకాలం కదిలించబోమని మీరు ఒక్క మాట చెబితే, మా వ్యాయామాలకంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

మరి ఏం చేయమంటారని మీరు అడుగుతారు. డిశ్చార్జి అయిన రోజే ఆ రోగి వివరాలు అతని ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరాలి. బాలింత ఇంటికి వెళ్లేసరికి ఏఎన్ఎంకు కబురు చేరుతోంది కదా, ఆ ఏర్పాటే ఇదీ. గుంతకల్లు, తాడిపత్రి, ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి కనీసం రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు ఉండాలి, మిగతా రోజుల్లో 104 వాహనంతో పాటు ఊళ్లకు వెళ్లాలి. చదువుకొని పని లేక బెంగళూరు బస్సెక్కుతున్న పిల్లలు మన జిల్లాలోనే ఉన్నారు. ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బందికి నాలుగు విషయాలు గుర్తుపట్టడం నేర్పితే చాలు, వైద్యం వాళ్లు చేయనక్కరలేదు: బిగుసుకుంటున్న పిడికిలి, జారుతున్న భుజం, నీళ్లు తాగితే వచ్చే దగ్గు, నడుము కింద ఎర్రబడుతున్న చర్మం.

దయచేసి యంత్రాలు కొనకండి. టెండరు పిలిచి తెచ్చినవి గుడ్డ కప్పుకొని మూల పడి ఉంటాయి. మాకు కావలసింది గాలి వచ్చే గది, మోకాలి ఎత్తు గట్టి బల్ల, గోడకు పట్టుకొని నడిచే కడ్డీలు, ఒక నిలువుటద్దం, ఊరివాళ్లు రోజూ వాడే సామాను. జిల్లా అంతా ఒకేసారి వద్దు. కళ్యాణదుర్గంలో మొదలుపెట్టి, ఆరు నెలలు చూసి, ఎంతమంది తమంతట తాము అన్నం తింటున్నారో, బయటికి నడిచి వెళుతున్నారో లెక్కపెట్టండి. లెక్క తేలకపోతే మూసేయండి.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి పక్షవాత రోగులు ఆటోల్లో వస్తారు, కొందరిని ఎత్తుకొని తెస్తారు. పింఛను కాగితం రాసే బల్ల అక్కడ ఉంది. దాని పక్కనే ఇంకో కుర్చీ వేయించండి. వచ్చినవారి చెయ్యి, కాలు చూసి ఎవరికి ఇంకా అవకాశం ఉందో చెప్పడానికి మాలో కొందరం సోమవారాలు జీతం లేకుండానే వచ్చి కూర్చుంటాం. మిగతా పనికి మాత్రం పోస్టులు మంజూరు చేయాలి, జీతాలు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
అనంతపురం